దొరసాని సర్వి కొస

నేను కాపురానికి వచ్చిన మూడో రోజు పొద్దున మా మామ ఒక చెట్టుకు స్నానం చేయిస్తున్నాడు. మాటవరసకు అనడం లేదు, నిజంగానే. పక్కన బిందెడు మంచినీళ్ళు, చేతిలో చెంబు, భుజాన తడిగుడ్డ. ఒక్కో కొమ్మనూ అరచేతిలోకి తీసుకుని, చంటిబిడ్డ చేయి కడిగినట్టు, మొదలు నుంచి చివరిదాకా కడుగుతున్నాడు. నేను చీపురు పట్టుకుని ఉన్నచోటనే నిలబడిపోయాను.

నిలబడిపోయింది చెట్టును చూసి కాదు, బిందెను చూసి. ఆ ఊళ్ళో ఇంటింటికీ బావి ఉంది. అన్ని బావుల్లోనూ ఉప్పునీళ్ళే. తాగే నీళ్ళు కావాలంటే అర మైలు నడిచి, ఇసకలో తవ్విన చెలమ దగ్గర కూచుని, నీళ్ళు ఊరేదాకా కాచుకుని, చిప్పతో తోడి బిందె నింపుకోవాలి. మాది వెంకటాచలం వైపు. ఇంటి ముందు కాలవ పారే చోట పెరిగినదాన్ని. ముందు రోజు సాయంత్రం ఆ చెలమ దగ్గర గంటన్నర కూచుని, నడుం పడిపోయేలా మోసుకొచ్చిన బిందె అది. ఆ నీళ్ళు కొమ్మల మీద నుంచి కారి ఇసకలోకి ఇంకిపోతుంటే చీపురు అక్కడే పడేశాను. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. ఇలాంటి ఇంట్లో వచ్చి పడ్డానేమిటి దేవుడా అనుకున్నాను.

“మామా, అవి తాగే నీళ్ళు” అన్నాను చివరికి.

“అదీ తాగేదే గదమ్మా” అన్నాడు, తిరిగి చూడకుండా. “రాతిరంతా సముద్రం గాలి కొట్టింది. ఆకు మీద ఉప్పు కూచోనుండాది. నువ్వు లేసి మొహం కడుక్కున్నావు గదా, దానికి మాత్రం వద్దా.”

మా ఆయన ఊరి బళ్ళో పంతులు. అరుగు మీద కూచుని పలకలు దిద్దుతూ, “రేపట్నించీ నీ బిందె దాచిపెట్టుకో” అని నాకు సలహా చెప్పాడు.

అవి యాభైల చివరి రోజులు. తోటపల్లి గూడూరుకు తూర్పున మూడు మైళ్ళు నడిస్తే మా ఊరు, అక్కడి నుంచి కూతవేటు దూరంలో సముద్రం. మామ ముప్పై ఏళ్ళు మిషన్ బంగళాలో తోటమాలిగా పనిచేశాడు. బంగళా దొరసానమ్మ తన దేశానికి వెళ్ళిపోతూ పనివాళ్ళందరికీ కుర్చీలూ బల్లలూ పంచిపెట్టింది. మామ మాత్రం కుండీలో ఉన్న జానెడు మొక్కను అడిగి తెచ్చుకున్నాడు. కుర్చీ వస్తుందని వాకిలి చిమ్మి ఎదురుచూస్తున్న మా అత్త ఆ కుండీని చూసి రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదట. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. నేను వచ్చేటప్పటికి అత్త లేదు. మొక్క నేలలో పాతుకుని నా భుజాల ఎత్తు ఎదిగింది.

సరుగుడు చెట్టును మా వైపు సర్వి అంటారు. ఒడ్డున ఎటు చూసినా సర్వి తోపులే. ఈ చెట్టు దూరం నుంచి సర్విలాగే ఉంటుంది గానీ దగ్గరికి వెళితే వేరే వ్యవహారం. నిట్టనిలువుగా ఒకటే మాను. మాను చుట్టూ వరసకు అయిదేసి కొమ్మలు, గొడుగు ఊచల్లా అన్ని వైపులకూ సమానంగా చాచుకుని ఉంటాయి. ఒక వరసకూ పై వరసకూ మధ్య జానెడున్నర ఖాళీ. ఆకు ఆకులా ఉండదు, పచ్చటి తాడు పేనినట్టు ఉంటుంది. మామ దాన్ని దొరసానమ్మ నేర్పినట్టు ‘పైను’ అనేవాడు. ఊరు మాత్రం దొరసాని సర్వి అని పేరు పెట్టి ఊరుకుంది.

ఆ చెట్టుకు జరిగే సేవ చూసి నేను విస్తుపోని రోజు లేదు. చెదలు పట్టకుండా మొదట్లో వేపపిండి. మేకలు రాకుండా చుట్టూ కంప. ఎండాకాలం మొదటి రెండేళ్ళూ దానికి తాటాకు పందిరి కూడా ఉండేదట, మా ఇంటి కప్పు కారుతున్నా సరే. ఆదివారం చర్చి నుంచి రాగానే బైబిలు గూట్లో పెట్టి, ఒక కర్ర తీసుకుని చెట్టు ఎత్తు కొలిచేవాడు. ఆ కర్ర నిండా కత్తి గాట్లు, ఏ పండగ నాటికి ఎంత ఎదిగిందో. నా కొడుకు పుట్టినప్పుడు కూడా ఆయన వాడి పొడవు కొలవలేదు.

నా కోపం మాత్రం ఏడాది నిలబడలేదు. ఎప్పుడు మారానో తెలియదు గానీ, గాలి కొట్టిన మర్నాడు నేనే బిందె తెచ్చి చెట్టు పక్కన పెట్టడం మొదలుపెట్టాను. కింద వరసలు నేను కడిగేదాన్ని, పై వరసలు ఆయన.

మా చర్చిలో క్రిస్మస్‌కు ఒక పద్ధతి ఉండేది. పండగకు వారం ముందు చర్చి గంట కొట్టే మనిషి తోపులోకి వెళ్ళి, బాగా ఎదిగిన సర్వి తల నరుక్కొస్తాడు. దాన్ని వాకిట్లో పాతి, రంగు కాగితాలు కట్టి, కొసకు చుక్క పెడతారు. పండగ రోజుకే ఆకు ఎర్రబడుతుంది. కొత్త సంవత్సరానికి పుల్లలు మిగిలితే ఎవరో ఒకరు పొయ్యిలోకి తీసుకుపోతారు. మామకు అది గిట్టేది కాదు. “పుట్టినరోజు పండక్కి చచ్చిన చెట్టేందమ్మా” అనేవాడు.

ఆయన కోరిక ఒక్కటే. మా ఇల్లు చర్చి పక్కనే. ఈ పైను చెట్టు చర్చి కప్పు దాటి ఎదగాలి. వెదురు కట్టకుండా, కర్ర ఊతం లేకుండా, దాని సొంత కొస మీద చుక్క నిలబడాలి. చేపలకు పోయిన పడవలు ఒడ్డుకు తిరిగి వస్తూ ఆ చుక్కను చూడాలి. “ఇంకో ఏడెనిమిదేళ్ళు. అందాకా నేనుంటా” అనేవాడు, దేవుడితో ముందే మాట్లాడి వచ్చినట్టు.

ఆ చుక్క చేసింది తోటపల్లి గూడూరు బజారులో రేకు పని చేసే సాయిబు. బంగళా తోటకు నీళ్ళ డబ్బాలు చేసిన నాటి నుంచీ మామకు స్నేహితుడు, అన్నా అని పిలిచేవాడు. చెట్టు కొస బరువు మోయదు కాబట్టి పలచటి రేకు కోసి, దాని నిండా అద్దం ముక్కలు అతికించి, ఎండకు తళుక్కుమనేలా చేశాడు. చెట్టు ఇంకా గుమ్మం ఎత్తు లేదు, చుక్క మాత్రం తయారై మా దూలానికి వేలాడుతోంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని నేను ఎగతాళి చేస్తే మామ కూడా నవ్వేవాడు.

రెండేళ్ళు గడిచాక మామ కళ్ళకు పొర వచ్చింది. నవంబరు ముసుర్లలో నెల్లూరు ఆస్పత్రిలో చేర్చాం. అప్పట్లో కంటి ఆపరేషన్ అంటే పది రోజులు తల కదపకుండా వెల్లకిలా పడుకోవాలి. మా ఆయన సెలవు పెట్టి తోడు వెళ్ళాడు. బండి ఎక్కే ముందు మామ నన్ను చెట్టు దగ్గరకు పిలిచి అప్పగింతలు పెట్టాడు. గాలి కొడితే మర్నాడు కడగాలి. వేపపిండి మరిచిపోకూడదు. కోళ్ళను మొదట్లో కెలకనీయకూడదు. కంప తీయకూడదు. అన్నీ చెప్పాడు. తల కోయవద్దని మాత్రం చెప్పలేదు. అది కూడా చెప్పాల్సి వస్తుందని ఆయనకు తట్టి ఉండదు.

ఇక నా ఘనకార్యం. మా పుట్టింట్లో మునగ గానీ, మిరప గానీ, మల్లె గానీ, మొక్క కాస్త ఎదగ్గానే మా అమ్మ చేసే మొదటి పని తల తుంచడం. మునగను అలా వదిలేస్తే తాడిలా పైకి పోతుంది, కాయ చేతికందదు. తల తుంచితే పక్కల నుంచి కొమ్మలు వేసి గుబురుగా వస్తుంది. మా ఇళ్ళలో ఇది పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఈ చెట్టేమో వరసకూ వరసకూ మధ్య అంత ఖాళీతో, జ్వరపడి లేచిన మనిషిలా ఉండేది నా కంటికి. ఇంత సేవ చేసినా ఒళ్ళు చేయదేమిటా అని బాధపడేదాన్ని. మామ కొత్త చూపుతో ఇంటికి వచ్చేసరికి అది నాలుగు చిగుర్లు వేసి కళకళలాడుతుంటే ఎంత సంతోషిస్తాడో అనుకున్నాను.

ఆయన వచ్చే రెండు రోజుల ముందు, ముసురు కాస్త తెరిపి ఇచ్చిన పూట, ముక్కాలిపీట ఎక్కి, కూరలు కోసే చాకుతో జానెడు కొస కోసేశాను. కోసిన చోట జిగురు బొట్టు కట్టింది. కొసను పారేయడానికి చేయి రాలేదు. మా అమ్మ ఏది తుంచినా పారేసేది కాదు, తడి ఉన్న చోట గుచ్చేది, బతికితే బతుకుతుందని. నేనూ నీళ్ళతొట్టి పక్కన తడిమట్టిలో గుచ్చాను. చేతులు కడుక్కుని అంట్లు తోముకున్నాను. అంత మామూలుగా జరిగిపోయింది.

మామ ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుతో బండి దిగాడు. కాళ్ళయినా కడుక్కోకుండా చెట్టు దగ్గరకు వెళ్ళాడు. మనిషి పొడగరి, చేయి చాస్తే కొస అందేది. రెండో కంటికి చూపు ఆనదు కాబట్టి వరసలు లెక్కపెట్టుకుంటూ చేత్తో తడుముతూ పైకి పోయాడు. కొస దగ్గర చేయి ఆగింది. వేళ్ళు కోసిన చోటును ఒకసారి తడిమాయి. మళ్ళీ తడిమాయి. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఏందమ్మా ఇది” అన్నాడు.

ఏదో ఘోరం జరిగిందని ఆ గొంతు విన్నాకే అర్థమైంది. ఏం ఘోరమో తెలియదు. గుబురుగా వస్తుందని కోశాను మామా, అని చెప్పడానికే నోరు తెరిచాను. తెరిచిన నోట్లో నుంచి వచ్చిన మాట మాత్రం, “గాలికి విరిగింది మామా.” అది ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. నా నోటికి నేనే నిర్ఘాంతపోయాను.

ఆయన కొంచెంసేపు చేయి అక్కడే ఉంచాడు.

“నెల్లూర్లో గూడా గట్టిగానే కొట్టింది గాలి” అన్నాడు. కొలతకర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చర్చి అయ్యగారు పలకరించడానికి వచ్చారు. కళ్ళ సంగతి అయ్యాక చెట్టు సంగతి వచ్చింది. నేను వంటింట్లో ఉన్నాను.

“మిగతా చెట్ల మాదిరి గాదయ్యా ఇది” అంటున్నాడు మామ. “దీనికి తల ఒకటే. ఆ తల పోతే అట్టాంటిది మళ్ళీ రాదు. ఒకటికి రెండొస్తాయి, వంకరగా వస్తాయి. ఇంక ఎంత పెరిగినా ఇది నేననుకున్న చెట్టు గాదు.”

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు, ఆ సామెత మా అమ్మ నోట వందసార్లు విని నవ్వినదాన్ని. అప్పుడే వాకిట్లోకి వెళ్ళి చెప్పేసి ఉండాల్సింది. గంజి వార్చి చెబుదాం అనుకున్నాను. గంజి వార్చాక, అయ్యగారి ముందు ఎలా అనుకున్నాను. అయ్యగారు వెళ్ళాక, ఆపరేషన్ అయిన మనిషి, ఏడిస్తే కన్ను ఏమవుతుందో అనుకున్నాను. అలా అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాను.

మర్నాడు పొద్దున తొట్టి దగ్గరికి వెళితే నేను గుచ్చిన కొస లేదు. అక్కడ చిన్న గుంట ఉంది. కోళ్ళు కెలికాయనుకున్నాను. దాచడం ఎందుకు, సాక్ష్యం పోయిందని ఊపిరి పీల్చుకున్నాను. ఆ పూటే మామ కంటి కట్టుతోనే సంచి తగిలించుకుని తోటపల్లి గూడూరు బయలుదేరాడు. సాయిబు దగ్గర లాంతరు అతికించాలట. డాక్టరు మంచం దిగవద్దన్నాడని మా ఆయన కేకలు వేశాడు. వినలేదు.

రెండో ఆదివారానికి ఊళ్ళో మాట పుట్టింది. విరిగిన కొస ముక్క ఎక్కడా కనపడలేదు కాబట్టి, ఎవరో కోసుకుపోయారని. ఎవరో ఏమిటి, క్రిస్మస్‌కు సర్వి తల నరికేది ఎవరు? గంట కొట్టే మనిషి. పైగా నిరుడు పండగలో ఆయన మా కంప పక్కన నిలబడి, “వచ్చే ఏడు దీని తలే కొడదామా” అని పరాచికమాడాడు. పది మంది విన్నారు. అది గుర్తొచ్చేసరికి ఇక సాక్ష్యాలతో పని లేకపోయింది.

ఆరాధన అయ్యాక పెద్దలు జనాన్ని కూచోమన్నారు. గంట కొట్టే మనిషి ముందుకు వచ్చి నిలబడ్డాడు. చర్చి వెనక గుడిసె ఆ పనికిచ్చిందే. పంటకు ఇంటింటి నుంచి ఆయనకు వచ్చే వడ్లు ఆ పనికి వచ్చేవే. పని పోతే గుడిసె పోతుంది, వడ్లు పోతాయి. “దేవుని సాక్షిగా నేను తాకలా” అంటున్నాడు. ఆయన భార్య ఆడవాళ్ళ వైపు నా పక్కనే చాప మీద కూచుంది. ఆమె మోకాలు నా మోకాలికి తగులుతోంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను కొంగు సర్దుకున్నాను, మళ్ళీ సర్దుకున్నాను. లేవాలి. లేచి రెండు మాటలు అనాలి. నేను లేవలేదు. ఒక మనిషి కూడు పోతుంటే చూస్తూ కూచోగలిగిన ఆడదాన్నా నేను అని, నా లోపల నుంచే ఎవరో అడుగుతున్నట్టుంది.

అప్పుడు మగవాళ్ళ వైపు నుంచి మా మామ లేచాడు. కంటికి ఇంకా కట్టు ఉంది.

“అది గాలికి విరిగింది” అన్నాడు. “ఎవరూ తాకలా. నేను చూసినాను.”

గాలి కొట్టిన ఆ రోజుల్లో మామ నెల్లూరు ఆస్పత్రిలో కళ్ళకు గంతలతో వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఆ సంగతి అక్కడ కూచున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. వంతులు వేసుకుని ఆయన కోసం ప్రార్థన చేసింది వాళ్ళే. అయ్యగారు ఆయన వైపు చూశారు. ముప్పై ఏళ్ళలో బంగళా తోటలో ఒక జామకాయ పోయినా, ‘నేను తిన్నా దొరసానమ్మా’ అని ఒప్పుకునే మనిషి ఆయన. దేవుడి ఇంట్లో నిలబడి పచ్చి అబద్ధం ఆడుతున్నాడని నమ్మడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. గంట కొట్టే మనిషి నేల మీద కూలబడి ఏడ్చాడు. అందరూ లేచి వెళ్ళిపోయారు.

నేను మాత్రం దానికి నాకు తగ్గ అర్థం చెప్పుకున్నాను. పాపం, మామ నా మాట నమ్మాడు. నమ్మాడు కాబట్టే ఒక అమాయకుడిని కాపాడటానికి ‘చూసినాను’ అనే ముక్క కలిపాడు. ఈ అర్థం నాకు సుఖంగా ఉంది. దీన్నే పట్టుకుని కాపురం చేశాను.

వేసవికి చెట్టు చిగుర్చింది. కోసిన చోటికి కింద నుంచి రెండు తలలు లేచాయి, ఒకటి ఇటు, ఒకటి అటు. ఒకదాన్ని కోసేస్తే రెండోది నిలువుగా పోతుందేమో అని అయ్యగారు సలహా చెప్పారు.

“దాన్ని మళ్ళీ కత్తితో తాకలేనయ్యా” అన్నాడు మామ.

‘మళ్ళీ’ అన్న మాట విని చేటలో బియ్యం ఏరుతున్న నా చేయి ఆగిపోయింది. తలెత్తి చూశాను. ఆయన నా వైపు చూడటం లేదు. మామూలుగానే అన్నాడులే అనుకుని రాళ్ళు ఏరుకున్నాను.

ఆయన ఆ చెట్టుకు సేవ ఒక్క పూట తగ్గించలేదు. అదీ నేను తట్టుకోలేకపోయింది. అలిగినా, వదిలేసినా, నన్ను ఒక మాట అన్నా బాగుండేది. గాలి కొడితే కడిగాడు, వేపపిండి చల్లాడు, ఆదివారం కొలిచాడు, చేయి అందనప్పుడు నిచ్చెన వేసుకుని కొలిచాడు. రెండు తలల్లో పెద్దది చూసి గాటు పెట్టేవాడు. దానితోపాటు కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది ఆయనకు. శనివారం వస్తే సంచిలో ఇంత వేపపిండి పోసుకుని సాయిబు దగ్గరికి ప్రయాణం. ఎందుకని అడిగితే ఒకసారి లాంతరంటాడు, ఒకసారి సాయిబు గుమ్మడిపాదు పెట్టాడంటాడు. ఇంట్లో ఉన్న రెండు లాంతర్లకు ఇన్ని అతుకులేమిటి, ఏ గుమ్మడిపాదు ఇన్నేళ్ళు కాస్తుంది అని నేను సాధించేదాన్ని. ఆయన చెప్పులు వేసుకుని వెళ్ళిపోయేవాడు.

ఏడేళ్ళకు చెట్టు చర్చి కప్పు దాటింది. ఆ క్రిస్మస్‌కు చుక్క ఎక్కించాలన్నారు. రెండు తలల మధ్య చుక్క నిలబడే చోటు లేదు. ఏ కొసకు కట్టినా పక్కకు ఒరిగిపోయింది. చివరికి గంట కొట్టే మనిషే పైకి ఎక్కి, రెండు తలలకూ అడ్డంగా వెదురు కట్టి, వెదురుకు చుక్క బిగించాడు. వెదురు కట్టకుండా నిలబడాలని కోరుకున్న మనిషి కింద ముక్కాలిపీట మీద కూచుని, దళసరి కళ్ళద్దాలతో పైకి చూస్తున్నాడు. అదే ముక్కాలిపీట. ఆయన ఏమంటాడో అని నేను పక్కనే నిలబడ్డాను.

“బాగుండాదమ్మా” అన్నాడు నాతో. ఎవరూ అడగకుండానే, నా వైపు తిరిగి మరీ అన్నాడు.

మరుసటి వేసవిలో ఆయన మంచం పట్టాడు. ఇక చెప్పకపోతే నేను మనిషిని కాదు అనుకుని, ఒక మధ్యాహ్నం పక్కన కూచుని విసురుతూ, “మామా, ఆ చెట్టు సంగతి” అని మొదలుపెట్టాను.

“పొద్దున కడిగినావా” అన్నాడు.

“కడిగినా మామా.”

“అంతే చాలమ్మా” అన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను విసురుతూ కూచున్నాను. నాలుగు రోజులకు ఆయన పోయాడు.

మళ్ళీ డిసెంబరు వచ్చింది. చుక్కకు అద్దం ముక్కలు ఊడిపోయాయి. మా ఆయనకు బళ్ళో పరీక్షలు. నేనే గుడ్డలో చుట్టుకుని తోటపల్లి గూడూరు వెళ్ళాను. అన్నేళ్ళలో సాయిబు ఇంటికి వెళ్ళడం అదే మొదటిసారి. మామ ఎప్పుడూ తానే వెళ్ళి వచ్చేవాడు, ఇంకొకరిని రానిచ్చేవాడు కాదు. సాయిబు నన్ను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అంగట్లో ఎండగా ఉంది, పెరట్లో నీడ ఉంది రమ్మని లోపలికి తీసుకుపోయాడు.

పెరట్లో అడుగుపెట్టి నేను బొమ్మలా నిలబడిపోయాను. నా ఎదురుగా దొరసాని సర్వి నిలబడి ఉంది. రెండు నిలువుల ఎత్తు. వరసకు అయిదేసి కొమ్మలు, ఒక్క వంకర లేదు. ఆకు మీద ఇంకా తడి ఆరలేదు, ఎవరో కడిగారు. పైన ఒకటే తల, సూటిగా ఆకాశంలోకి.

“ఇదెక్కడిది సాయిబూ” అన్నాను.

“మా అన్నదే గదమ్మా. నీకు చెప్పలేదా” అన్నాడు సాయిబు. “అప్పుడెప్పుడో కంటికి కట్టు గట్టుకోని వచ్చినాడు. తడిగుడ్డలో చుట్టి జానెడు కొస తెచ్చినాడు. పక్క కొమ్మ నాటితే నేల మీద పారాడతది, తల నాటితేనే చెట్టుగా లేస్తది, ఇది తల అన్నాడు. నేను రేకు డబ్బా చేసిచ్చినా. శనివారం శనివారం వచ్చేవాడు. ఒక పక్కకే వంగకుండా డబ్బాను పావు వంతు తిప్పి, నీళ్ళు పోసి పోయేవాడు. మూడేళ్ళు తిప్పినాక నేలలో పెట్టినాం.”

నేను అరుగు అంచు పట్టుకున్నాను. తొట్టి పక్కన ఆ చిన్న గుంట నా కళ్ళ ముందుకు వచ్చింది. అది చాకు కోత అని ఆయన వేళ్ళకు ఆ క్షణమే తెలిసింది. కొస ఎక్కడ గుచ్చి ఉందో చూశాడు. గాలికి విరిగిన కొస తనంతట తాను వెళ్ళి తడిమట్టిలో గుచ్చుకోదు. ఆ ఊళ్ళో ఏది తుంచినా గుచ్చే అలవాటు ఉన్నది ఒక్క వెంకటాచలం కోడలికే.

“మా ఇంట్లోనే నాటొచ్చు గదా” అన్నాను. జవాబు తెలిసే అడిగాను.

“నేనూ అదే అడిగినా. ‘మా ఇంట్లో పెడితే ఒకరి కంట్లో నలుసైతది సాయిబూ. దినామూ దాన్ని చూస్తా ఎట్టా బతకాల’ అన్నాడు. ‘ఎవరి కంట్లో అన్నా’ అని అడిగితే చెప్పలా. మీ ఇంటోళ్ళకి చెప్పబాకన్నాడు, నేను చెప్పలా.”

మాట్లాడుతూనే సాయిబు చుక్క నిండా అద్దం ముక్కలు అతికించాడు. నిచ్చెన తెచ్చి చెట్టు పక్కన గోడకు ఆనించాడు. “ఈ ఏటికి ఈ కొస చుక్కను మోస్తదని చెప్పినాడు అన్న. తను లేడు. నువ్వు ఎక్కి కట్టమ్మా, ఆయన చెట్టును చూసుకునింది నువ్వే గదా” అని చుక్కను నా చేతికి ఇవ్వబోయాడు.

“నేను తాకను” అన్నాను.

“ఎందుకమ్మా?”

“అది గాలికి విరగలేదు సాయిబూ. నేను కోసినా. కూరలు కోసే చాకుతో.”

జీవితంలో మొదటిసారి ఆ మాట బయటికి వచ్చింది. సాయిబు నమ్మలేదు. చిన్నపిల్లను సముదాయించినట్టు తల అడ్డంగా ఊపాడు.

“గాలికేనమ్మా. అన్న కళ్ళారా చూసినాడంట గదా, చర్చిలో అందరి ముందరా చెప్పినాడంట. అన్న అబద్ధం ఆడే మనిషి గాదు.”

“ఒక్కటి ఆడినాడు” అన్నాను.

సాయిబు చేతిలో చుక్క చేతిలోనే ఉంది. నిచ్చెన ఆనించినచోటే ఉంది. తలెత్తి ఆ కొసను ఒక్కసారి చూద్దామని ఎంత ప్రయత్నించినా ఆ రోజు నా తల లేవలేదు.